ఉప్పు, కప్పురం, మూడు యతులు: తెలుగు పద్య పరిభాష

"ఉప్పు కప్పురంబు" అని ఎవరైనా ఎత్తుకుంటే చాలు, తెలుగు బడిలో నాలుగు తరగతులు చదివిన వారెవరైనా "నొక్క పోలికనుండు" అని అందుకుంటారు. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తూగాలో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అదే మనిషిని ఆ పద్యంలో యతి ఎక్కడ పడిందని అడిగితే తడబడతాడు. బడిలో ఛందస్సును పట్టికలుగా నేర్పడం ఇందుకు కొంత కారణం. గణాల పేర్లు ఒక పక్క, గుర్తులు ఒక పక్క, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఒకటి; పరీక్ష అయిపోగానే పట్టిక కూడా పోతుంది, పద్యం మాత్రం నోట్లో మిగులుతుంది. ఛందశ్శాస్త్రంలోని మాటల్లో చాలా భాగం, పద్యం చదివేటప్పుడు నాలుకా చెవీ అప్పటికే చేసేస్తున్న పనికి పెట్టిన పేర్లే. అందువల్ల పేర్ల నుంచి పద్యానికి వెళ్లడం కంటే, నోటికి వచ్చిన పద్యం నుంచి పేర్లకు రావడం సులువు.

అన్నిటికంటే చిన్న కొలత మాత్ర. చిటిక వేసేంత, లేదా రెప్ప వాల్చేంత కాలం ఒక మాత్ర. ఒక మాత్రలో పలికే అక్షరం లఘువు, రెండు మాత్రలు పట్టేది గురువు. దీర్ఘాచ్చు ఉన్న అక్షరం గురువని ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. సున్న, విసర్గ, పొల్లు హల్లు కూడా తాము చేరిన అక్షరాన్ని గురువుగా మారుస్తాయని కొద్ది సాధనతో తెలుస్తుంది. చిక్కంతా వత్తుల దగ్గర. "ఉప్పు" అన్న మాటలో గురువు "ప్పు" కాదు, దాని ముందున్న "ఉ". కొత్తగా నేర్చుకునేవారు వత్తు కనబడిన అక్షరానికే గురువు గుర్తు పెట్టడం చాలా తరచుగా జరిగే పొరపాటు. ఆ మాటను మెల్లగా పలికి చూస్తే సంగతి తేలిపోతుంది: మొదటి "ప" దగ్గర పెదవులు మూసుకుని ఒక్క క్షణం ఆగుతాయి, ఆ ఆగిన కాలం ముందున్న "ఉ" ఖాతాలో పడుతుంది. "విద్రుచు", "అద్రుచు" వంటి కొన్ని తెలుగు మాటల్లో ర-వత్తును తేల్చి పలుకుతారు కనుక ముందున్న అక్షరం లఘువుగానే ఉండిపోతుంది. వత్తు కంటికి కనబడుతున్నా నాలుక ఆగకపోతే గురువు లేనట్టే. నియమం రాతను బట్టి కాక పలుకును బట్టి పుట్టిందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కరలేదు.

రెండు మాటల నడుమ ఏమవుతుందన్నది ఇంకొంచెం ఆసక్తికరమైన విషయం. ఒక మాట ముగిశాక తర్వాతి మాట వత్తు అక్షరంతో మొదలైతే, తెలుగులో ముందు మాట చివరి అక్షరం గురువు కాదు. రెండు మాటలూ కలిసి సంస్కృత సమాసంగా ఏర్పడితే మాత్రం అవుతుంది. పోతన గజేంద్రమోక్షంలో "గజప్రాణావనోత్సాహియై" అన్న చోట "గజ" అనేది "ప్రాణ"తో సమాసంలో కలిసింది కనుక "జ" గురువు. గురజాడ "దేశమును ప్రేమించుమన్నా" అన్న చోట "దేశమును" వేరే మాట, "ప్రేమించు" వేరే మాట కనుక "ను" లఘువుగానే నిలుస్తుంది. దాన్ని గురువుగా లెక్కిస్తే ఆ పాటకు నడకే ఉండదు. వాక్యంలో మాటలు ఎక్కడ విడిపోతాయో, ఎక్కడ అతుక్కుంటాయో కూడా ఛందస్సు గమనిస్తూనే ఉంటుందన్న మాట.

గురులఘువుల గుంపు గణం. మూడక్షరాల గణాలు ఎనిమిది. వాటిని గుర్తుంచుకోవడానికి "యమాతారాజభానసలగం" అనే సూత్రం ఉంది. అందులో ఏ అక్షరాన్నయినా తీసుకుని తర్వాతి రెండక్షరాలతో కలిపి చదివితే ఆ పేరు గల గణం వస్తుంది. "యమాతా" అంటే లఘువు, గురువు, గురువు, అదే య-గణం. "భానస" అంటే గురువు, లఘువు, లఘువు, అదే భ-గణం. ఇవి సంస్కృతం నుంచి వచ్చినవి. వీటితో కట్టిన పద్యాన్ని వృత్తం అంటారు, అందులో ప్రతి అక్షరం చోటూ ముందే ఖరారై ఉంటుంది. తెలుగు తనదిగా పెంచుకున్న పద్ధతి వేరు. సూర్యగణం అనే పేరు కింద రెండు గణాలు (న, గల), ఇంద్రగణం అనే పేరు కింద ఆరు గణాలు (నల, నగ, సల, భ, ర, త) ఉంటాయి. ఈ పేర్లలో ల అంటే ఒక లఘువు, గ అంటే ఒక గురువు; నల అంటే న-గణానికి ఒక లఘువు చేర్చినట్టు. ఆయా చోట్ల ఆ గుంపులోని ఏ గణాన్నయినా కవి వాడుకోవచ్చు. సూర్యగణాలు రెండూ మూడు మాత్రలవి, ఇంద్రగణాలు నాలుగు లేదా ఐదు మాత్రలవి. అంటే ఇక్కడ స్థిరంగా ఉండేది అక్షరాల సంఖ్య కాదు, రమారమి కాలం. చంద్రగణాలని ఇంకో 14 ఉన్నాయి కానీ వాటి వాడుక చాలా తక్కువ.

ఈ తేడా ఎంత పెద్దదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆటవెలదిలో మొదటి, మూడవ పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండవ, నాలుగవ పాదాలకు ఐదు సూర్యగణాలు. సూర్యగణానికి రెండు దారులు, ఇంద్రగణానికి ఆరు దారులు కనుక మొదటి పాదాన్ని 288 రకాలుగా, రెండవ పాదాన్ని 32 రకాలుగా నడపవచ్చు. ఉత్పలమాల అనే వృత్తంలో పాదాన్ని నడిపే దారి ఒక్కటే. వేమన పద్యాలు మాట్లాడినట్టు ఉంటాయని అందరూ అంటారు. ఆ మాట్లాడే తీరుకు ఇంత వెసులుబాటు ఉన్న ఛందస్సు కొంతైనా కారణమై ఉండాలి.

మొదట ఎత్తుకున్న వేమన పద్యం ఆటవెలదే. ఇప్పుడు దాన్ని విడదీసి చూడవచ్చు.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

మొదటి పాదం "ఉప్పు / కప్పు / రంబు / నొక్కపో / లికనుండు" అని విరుగుతుంది. మొదటి మూడూ గురువు-లఘువు, సూర్యగణాలు. నాలుగవది ర-గణం, ఐదవది సల-గణం, రెండూ ఇంద్రగణాలు. గణాల విరుపు మాటల విరుపుతో కలవలేదన్నది ఇక్కడ గమనించాలి. "కప్పురంబు" రెండు గణాలుగా చీలింది, "పోలికనుండు" మధ్యకు విరిగింది. మాటలు ఒక లయలో, గణాలు ఇంకో లయలో నడుస్తూ అక్కడక్కడ కలుసుకుంటేనే పద్యానికి తూగు వస్తుంది. ప్రతి గణమూ ఒక మాటతోనే ముగిస్తే అది రోకటిపోటులా ఉంటుంది.

ఆటవెలదిలో యతి నాలుగవ గణం మొదటి అక్షరం మీద ఉండాలి. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ ఈ అక్షరానికీ ఉండవలసిన ధ్వని స్నేహం. వడి, వళి అన్న పాత పేర్లు కూడా దీనివే. మొదటి పాదంలో మొదటి అక్షరం "ఉ", నాలుగవ గణం మొదటి అక్షరం "నొ". చూడగానే ఈ రెండింటికీ చుట్టరికం లేదనిపిస్తుంది. కానీ "నొక్క"లో ఉన్నది "ఒక్క" అనే మాట. ముందు మాట నుంచి వచ్చిన నకారం దాని మీద ఎక్కి కూర్చుంది. లోపల దాగిన "ఒ"కు "ఉ"తో మైత్రి ఉంది, ఎందుకంటే ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. ఇది స్వరయతి. రెండవ పాదంలో మొదటి అక్షరం "చూ", యతి స్థానంలో "జా". చ-కారం, జ-కారం స్నేహితులే కానీ ఊ, ఆ అచ్చులకు పొత్తు లేదు, కనుక మామూలు యతి చెల్లదు. అయినా చెవికి ఏ లోటూ తెలియదు, ఎందుకంటే "చూడ", "జాడ" అన్న జంటలో రెండవ అక్షరం ఒకటే అయింది. యతికి బదులుగా ఇలా ప్రాస కుదర్చడాన్ని ప్రాసయతి అంటారు. ఆటవెలది, తేటగీతి, సీసం వంటి ఉపజాతులకు ఈ వెసులుబాటు ఉంది, వృత్తాలకూ కందానికీ లేదు. మూడవ పాదంలో "పు"కు "పు", నాలుగవ పాదంలో "వి"కి "వి", ఇవి నేరుగా పడిన యతులు. ఇంత చిన్న పద్యంలో యతి మూడు తీరుల్లో పనిచేసింది. లక్షణగ్రంథాలు యతి భేదాలను పదుల సంఖ్యలో లెక్కించి పెట్టాయి. ఈ మూడూ పట్టుబడితే రోజువారీ చదువుకు చాలు.

యతి మైత్రిలో అచ్చూ హల్లూ రెండూ కుదరాలి. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఇంకొకటి. హల్లుల్లో ఒక వర్గంలోని అక్షరాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి: క, ఖ, గ, ఘ ఒక జట్టు, త, థ, ద, ధ ఇంకొక జట్టు అన్నట్టు. చ-వర్గంలోకి శ, ష, స కూడా వచ్చి చేరతాయి. నోట్లో దగ్గర దగ్గర చోట్ల పుట్టే ధ్వనులు దాదాపుగా ఒక గూటికి చేరాయి కనుక, ఈ జాబితాను కంఠస్థం చేయడం కంటే పలికి చూసుకోవడం మేలు.

యతి అన్న మాట సంస్కృతానిదే కానీ అక్కడ దాని అర్థం వేరు. సంస్కృతంలో యతి అంటే విరామం. శార్దూలవిక్రీడితంలో పన్నెండవ అక్షరం దగ్గర మాట ముగియాలి, చదివేవారు అక్కడ ఆగాలి. తెలుగు శార్దూలంలో ఆగనక్కరలేదు. ఆ విరామం తర్వాత రావలసిన పదమూడవ అక్షరం పాదం మొదటి అక్షరానికి బదులు పలికితే చాలు. మౌనం ఉండవలసిన చోటికి ప్రతిధ్వని వచ్చింది. తెలుగు కవి మాటను పదమూడవ అక్షరం మీదుగా సాగించుకుంటూ పోగలిగేది, పొడవైన సమాసాలను పాదం నడిమధ్యన నిశ్చింతగా పరచగలిగేది ఇందువల్లనే. రూపం మారకుండా అర్థం మారిన పారిభాషిక పదాలు ఇలాంటివి ఇంకా ఉన్నాయి. సంస్కృత ఛందస్సు చదివి తెలుగుకు వచ్చేవారు మొదట తడబడేది ఇక్కడే.

ప్రాస సంగతికి వస్తే, పద్యంలోని అన్ని పాదాల్లోనూ రెండవ అక్షరంలో ఒకే హల్లు ఉండాలన్నది నియమం, అచ్చు మారవచ్చు. ఆ హల్లుకు వత్తు ఉంటే అన్ని పాదాల్లోనూ అదే వత్తు, దాని ముందు సున్న ఉంటే అన్నిటా సున్న. సంస్కృత శ్లోకానికి ఇది విధి కాదు. తమిళంలో ఎదుగై అనే పేరుతో, పాత కన్నడ కవిత్వంలో ఆదిప్రాసగా ఇదే కనబడుతుంది కనుక ఇది దక్షిణాది భాషల ఉమ్మడి ఆస్తి. ఇంగ్లీషు కవిత్వం, సినిమా పాటలు అలవాటైన నేటి పాఠకులు "ప్రాస" అనగానే పాదాల చివర చూస్తారు. పాదాల చివర కలిసేది అంత్యప్రాస, అది కవి ఇష్టాన్ని బట్టి వేసుకునే అలంకారం. ప్రాస మాత్రం వృత్తానికీ కందానికీ తప్పనిసరి.

ప్రాసతో పాటు దాదాపు అన్ని నియమాలూ ఒకచోట చేరిన పద్యం కందం. "కందం చెప్పినవాడే కవి, పందిని చంపినవాడే బంటు" అన్న సామెత ఊరికే పుట్టలేదు.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుఱ్ఱము
గ్రక్కున విడువంగ వలయు గదరా సుమతీ

కందంలో గణాలన్నీ నాలుగేసి మాత్రలవి: గగ, భ, జ, స, నల. మొదటి పాదంలో మూడు, రెండవ పాదంలో ఐదు, వెరసి ఎనిమిది. మిగిలిన సగమూ ఇంతే. మొత్తం 64 మాత్రలు. బేసి గణంగా జ-గణం రాకూడదు. ప్రతి సగంలోనూ ఆరవ గణం జ-గణమో నల-గణమో అయితీరాలి. ఎనిమిదవ గణం చివర గురువు ఉండాలి. యతి నాలుగవ, ఏడవ గణాల మొదటి అక్షరాలకు. మొదటి పాదం గురువుతో మొదలైతే నాలుగూ గురువుతోనే మొదలవ్వాలి. పై పద్యం మొదటి సగంలో ఆరవ గణం "నివేల్పు", జ-గణం. రెండవ సగంలో "గవలయు", నల-గణం. రెండు అవకాశాలనూ చెరొక సగంలో వాడుకున్నట్టయింది. యతులు మ్రొ-మో, గ్ర-గ. ప్రాస నాలుగు పాదాల్లోనూ "క్క".

ఆరవ గణానికి ఇంత పట్టుదల ఎందుకన్నది అడగవలసిన ప్రశ్నే. జ-గణంలో గురువు నడుమ ఉంటుంది, నల-గణంలో గురువే ఉండదు. తక్కిన మూడు గణాల్లోనూ గురువు అంచున ఉంటుంది. గురువు అంచున పడి పడి సాగుతున్న నడకకు ముగింపు దగ్గరపడే చోట ఒక చిన్న కుదుపు వస్తుంది. "వరమీని వేల్పు" అని చదువుతుంటే ఆ కుదుపు చెవికి తెలుస్తూనే ఉంటుంది. రెండవ పాదం చివర "దా" దగ్గర విరిగి మూడవ పాదం "నెక్కిన" అని మొదలవడం కూడా గమనించదగినది: "తాను ఎక్కిన" అన్న మాటలు పాదాల నడుమ చీలాయి. పద్యంలో పాదం ముగిసినంత మాత్రాన మాట ముగియాలని లేదు.

కందం ప్రాకృత, సంస్కృత మూలాల నుంచి వచ్చినా తెలుగులో చాలా ముందుగానే పాతుకుపోయింది. కరీంనగర్ ప్రాంతంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన 10వ శతాబ్దపు శాసనంలో తెలుగు కందాలు ఉన్నాయి. దానికి దాదాపు వందేళ్ల ముందు, 848 నాటి అద్దంకి పండరంగని శాసనంలో తరువోజ పద్యం కనబడుతుంది. తరువోజ పాదమంటే రెండు ద్విపద పాదాలను కలిపి పరిచినట్టే: మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్లీ అంతే. ద్విపద పాడుకోవడానికి వీలైన కొలత. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని అందులోనే నడిపాడు. నన్నయ 11వ శతాబ్దంలో భారతాన్ని ఎత్తుకునే నాటికి దేశి కొలతలు రాతి మీదికి ఎక్కి రెండు వందల ఏళ్లయింది.

వృత్తాల్లో తరచుగా వినబడే పేర్లు నాలుగు. వీటి గణాల్లో వ అంటే ఒక లఘువు, ఒక గురువు. ఉత్పలమాల (భ ర న భ భ ర వ, 20 అక్షరాలు, యతి 10వ అక్షరం), చంపకమాల (న జ భ జ జ జ ర, 21 అక్షరాలు, యతి 11), శార్దూలం (మ స జ స త త గ, 19 అక్షరాలు, యతి 13), మత్తేభం (స భ ర న మ య వ, 20 అక్షరాలు, యతి 14). నాలుగింటినీ విడివిడిగా బట్టీ పట్టించడం వల్ల అసలు సంగతి మరుగున పడిపోతోంది: ఇవి నాలుగు కావు, రెండు జంటలు. ఉత్పలమాలలో మొదటి గురువును తీసి రెండు లఘువులు పెడితే చంపకమాల. శార్దూలంలో మొదటి గురువును తీసి రెండు లఘువులు పెడితే మత్తేభం. మిగతా పాదంలో ఒక్క అక్షరమూ మారదు. గణాల పేర్లు మొత్తం మారిపోయినట్టు కనబడేది మూడక్షరాల కత్తెర ఒక అక్షరం జరగడం వల్లనే. యతి స్థానం ఒకటి పెరగడానికీ అదే కారణం. ఉత్పలమాలకూ చంపకమాలకూ పాదానికి 28 మాత్రలు, శార్దూలానికీ మత్తేభానికీ 30.

పాదం మొదట్లో ఒక గురువుకూ రెండు లఘువులకూ ఉన్న ఇంత చిన్న తేడా కవి చేతిలో ఏమవుతుందో పోతన భాగవతంలోనే రెండు పద్యాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. వామనుడు పెరిగే పద్యం శార్దూలం.

ఇంతింతై వటుడింతయై మరియు దానింతై నభోవీధిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రుని కంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుండగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై

శార్దూలం మూడు గురువులతో మొదలవుతుంది. "ఇంతింతై" అనే మాట సరిగ్గా ఆ మూడు గురువులనూ నింపింది. ప్రాసకు కావలసింది పాదానికొక "ంత", అంటే నాలుగు. పద్యంలో అది పదకొండు సార్లు వినబడుతుంది, అంటే విధిగా పెట్టవలసిన ప్రాస పద్యమంతా పాకి అనుప్రాసాలంకారంగా మారిపోయింది. ఇంకా బాగున్న సంగతి పాదాంతాల్లో ఉంది. "నభోవీధిపై" దగ్గర పాదం ముగుస్తుంది కానీ "నభోవీధిపైనంతై" అన్న మాట ముగియదు. కింది పాదంలోకి దాటుతుంది. ఇలా మూడు సార్లు. ఎదుగుతున్న మనిషి లోకాల హద్దులు దాటుతుంటే మాట పాదాల హద్దులు దాటుతోంది. యతిలోనూ ఇదే నేర్పు: నాలుగవ పాదంలో "నంతై"లోని అకారానికి "బ్రహ్మాండ"లో కలిసిపోయిన "అండ" బదులు పలికింది.

గజేంద్రుని మొర విని విష్ణువు బయలుదేరే పద్యం మత్తేభం. "సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింపడే" అన్నది మొదటి పాదం. రెండు లఘువులతో ఎత్తుగడ. పాదం నడుమ మళ్లీ "క్రయుగ" అని మూడు లఘువుల పరుగు. యతి "సి"కి "జే": స, జ ఒక జట్టు, ఇ, ఏ ఒక జట్టు. శార్దూలం గంభీరమైనదనీ మత్తేభం వేగవంతమైనదనీ దీన్ని బట్టి సూత్రం చేయడం తొందరపాటు, ఎందుకంటే రెంటినీ తిరగేసి వాడిన కవులు ఎందరో ఉన్నారు. కొలతలో పొంచి ఉన్న ఒక అవకాశాన్ని ఈ రెండు చోట్లా మాట పట్టుకుందని మాత్రం చెప్పవచ్చు.

ఈ పరిభాష అంతా పుస్తకాల్లో కాక మనుషుల నోళ్లలో పనిచేస్తున్న చోటు అవధానం. పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, సమస్యగా ఒక పాదం ఇచ్చిన మరుక్షణం అది ఏ వృత్తమో, ప్రాస ఏ అక్షరమో అవధానికి చెవికే తెలియాలి, ఎందుకంటే మిగిలిన మూడు పాదాల ప్రాసనూ ఆ ఒక్క పాదమే బిగించేసింది. అక్కడ కాగితం మీద గుర్తులు పెట్టి గణాలు లెక్కించే వ్యవధి ఉండదు.

ఇంతవరకూ చెప్పుకున్నది పద్యం ఎలా వినబడుతుందన్న దాని గురించి. అలంకారశాస్త్రం రెండవ సగం. శబ్దాలంకారాలు ధ్వని పునరుక్తికి పెట్టిన పేర్లు. పైన చూసిన అనుప్రాస వాటిలో ఒకటి. అర్థాలంకారాలను జాబితాగా చదివితే అంతు ఉండదు, కానీ వాటిలో ముఖ్యమైనవి కొన్ని ఒకే పోలికకు వేర్వేరు మెట్లు. చెరువు అద్దంలా ఉంది అంటే ఉపమ: చెరువు ఉపమేయం, అద్దం ఉపమానం, "లా" ఉపమావాచకం, తేటదనం సమానధర్మం. చెరువనే అద్దం అంటే రూపకం. పోలిక పోయి అభేదం వచ్చింది. ఆకాశం మొహం చూసుకోవడానికి నేల మీద పరిచిన అద్దమేమో ఈ చెరువు అంటే ఉత్ప్రేక్ష; ఊహ అని ఒప్పుకుంటూనే చేసిన ఊహ అది. చెరువు పేరే ఎత్తకుండా ఊరి చివర అద్దం పగిలి ఉంది అంటే రూపకాతిశయోక్తి. పోల్చే మాట ఒక్కొక్క మెట్టు దిగిపోతుంటే పాఠకుడి పని ఒక్కొక్క మెట్టు పెరుగుతుంది. వేమన పద్యంలో "వలె" లేదు, "అనే" లేదు. ఉప్పు కప్పురాల గురించి ఒక వాక్యం, పురుషుల గురించి ఒక వాక్యం పక్కపక్కన నిలబడ్డాయి, ఒకటి బింబం, ఒకటి ప్రతిబింబం. దానికి దృష్టాంతం అని పేరు.

రసం, ధ్వని అన్న మాటలు మామూలు సమీక్షల్లో కూడా విరివిగా వాడి వాడి అరిగిపోయాయి. భరతుడు నాట్యం కోసం చెప్పిన రసాలు ఎనిమిది, శాంతం తర్వాత చేరింది. ధ్వని అనేది 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ప్రతిష్ఠించిన ఆలోచన: మాట నేరుగా చెప్పేది అభిధ, నేరుగా కుదరనప్పుడు పక్కకు జరిగి చెప్పేది లక్షణ, చెప్పకుండానే తోపించేది వ్యంజన, ఆ తోచిన అర్థమే ప్రధానమైతే అది ధ్వని. "సిరికిం జెప్పడు" పద్యాన్ని మళ్లీ చూస్తే ఇది బోధపడుతుంది. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలను చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెదిరిన జుట్టు సవరించుకోడు, చేతిలో చిక్కిన ఆమె పైట చెంగును కూడా వదలడు. అన్నీ చేయని పనులే, అన్నీ వ్యతిరేక క్రియలే. తొందర అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

20వ శతాబ్దం మొదట్లో కొలత మళ్లీ మారింది. గురజాడ ముత్యాలసరంలో గణాల పేర్లకు బదులు మూడు, నాలుగు మాత్రల ముక్కలు మార్చి మార్చి వస్తాయి. "మంచి / అన్నది / పెంచు / మన్నా" అంటే 3, 4, 3, 4, మొత్తం 14. "గట్టి / మేల్ తల / పెట్ట / వోయ్" అన్న చివరి పాదం 12 మాత్రల దగ్గరే ఆగిపోతుంది, ఆ తరుగులోనే ఆజ్ఞ బిగువు ఉంది. మూడు, నాలుగు కలిసిన ఏడు మాత్రల నడక మిశ్రగతి. మూడేసి అయితే త్రిశ్ర, నాలుగేసి అయితే చతురశ్ర, ఐదేసి అయితే ఖండగతి. ఈ పేర్లు సంగీతం నుంచి వచ్చాయి కనుక పాట రాసేవారికి గణాల కంటే గతులే చేతికి దగ్గరగా ఉంటాయి. యతిప్రాసలు ఇక్కడ విధి కాదు, పడితే అందం.

కుందుర్తి ఆంజనేయులు వంటివారు పట్టుబట్టి నిలబెట్టిన వచన కవితకు గతి కూడా విధి కాదు. అక్కడ విమర్శకులు వాడే మాటలు వేరు: వస్తువు, శిల్పం, ఎత్తుగడ, పదచిత్రం, ప్రతీక, నిర్వహణ. వీటిలో చాలా వాటికి కందం లక్షణంలా ఖచ్చితమైన నిర్వచనం లేదు, అందుకే ఒకే కవితను ఇద్దరు విమర్శకులు ఒకే మాటతో మెచ్చుకుంటూ వేర్వేరు సంగతులు చెబుతుంటారు. పాత పరిభాషలో నుంచి వచన కవితకు పనికొచ్చేది ఒక్క పాదమే. వాన వెలిసింది కానీ చూరు ఇంకా కారుతోంది అన్న సంగతిని ఇలా రాయవచ్చు:

వాన వెలిసింది
చూరు మాత్రం
ఇంకా

ఒకే వరుసలో రాస్తే ఇది క్రియ లేని అసంపూర్ణ వాక్యం. మూడు పాదాలుగా విరిచినప్పుడు "మాత్రం" తర్వాత ఒక ఎదురుచూపు, "ఇంకా" తర్వాత ఒక ఖాళీ ఏర్పడ్డాయి. రాయని "కారుతోంది" ఆ ఖాళీలో వినబడుతుంది. యతి లేదు, ప్రాస లేదు, గణం లేదు. శార్దూలంలో "పై" దగ్గర విరిగి "నంతై" అని కిందికి దాటించిన ఆ పాదాంతమే ఇక్కడ, దాటించకుండా ఆపడానికి పనికొచ్చింది.